గ్యాస్ గ్రిల్లులో బొగ్గుల నిప్పు

బైలదిల కొండలలో ఇనుప ఖనిజం త్రవ్వే మనకు ఇనుము క్రొత్త కాదు. ఇదే బస్తర్‌లో పూర్వం గిరిజనులు కొయ్యబొగ్గు కొలిమితో ఖనిజం నుండి ఇనుము తీసేవారు. కిరందుల్, బచేలీలలో మన ఇండ్లలో మూలపడిన గ్యాస్ గ్రిల్లును కూడ కొయ్యబొగ్గుకు అనువుగా మార్చుకోవచ్చును.

ముందుగా సిలిండరు, రెగ్యులేటరు, రబ్బరు గొట్టం, బర్నర్లు పూర్తిగా తొలగించాలి. అడుగున మందపాటి ఇనుప పళ్ళెం, దానిపై కొంత ఎత్తులో బొగ్గులకు ఇనుప ఊచల జాలీ అమర్చాలి. క్రింది నుండి గాలి ఆడితేనే నిప్పు రాజుకుంటుంది. బూడిద పళ్ళెంలోకి రాలుతుంది.

పెట్టె ఏ లోహమో తప్పక చూడాలి. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. గాలి బాగా తగిలిన బొగ్గు నిప్పు అంతకు మించగలదు. కనుక నిప్పు దాని గోడలకు తగలరాదు. జింకు పూత రేకును వాడనే రాదు. కాలినపుడు దాని పొగ హానికరం.

గ్యాస్ మంట నాబ్ త్రిప్పగానే ఆరిపోతుంది. బొగ్గుకు నాబ్ లేదు. వంట ముగిసినా, పైన బూడిద కమ్మినా లోపల నిప్పు ఉంటుంది. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతూనే ఉంటుంది. చలి రాత్రులలో వెచ్చదనం కోసం దానిని గదిలోకి తెచ్చుకుంటే నిద్రలోనే ప్రాణం పోవచ్చును. చేపలైనా, మొక్కజొన్న పొత్తులైనా ఆరుబయటనే కాల్చుకుందాము. నిప్పును నీటితో పూర్తిగా ఆర్పిన పిదపనే లోనికి వెళ్ళుదాము.