డాన్యూబు తీరమున నొక సారస్వత నగరము

సెర్బియా దేశమున డాన్యూబు నది యొడ్డున పెట్రోవరాదిన్ అను దుర్గము కలదు. దాని గోపురముమీది గడియారములో చిన్నముల్లు నిమిషములను, పెద్దముల్లు గంటలను చూపును. క్రొత్తవారికిది పొరపాటుగా తోచును గాని, నదిలో పడవలపై నుండువారికి దూరమునుండి గంట తెలిసిన చాలునని అట్లమర్చిరని చెప్పుదురు. ఆ దుర్గమునకు ఎదుటి యొడ్డున నున్నదే నోవీ సాద్ నగరము.

ఈ యూరి పుట్టుకకు ఒక నిషేధము కారణము. 17వ శతాబ్ది చివర, ఆస్ట్రియా ప్రభువుల యేలుబడిలో, ఆర్థడాక్సు క్రైస్తవులగు సెర్బులకు కోటయొద్ద కాపురముండు హక్కు లేకపోయెను. వారు 1694లో ఏటి కావలి చిత్తడినేలపై ఇండ్లు వేసికొనిరి. వర్తకము పెరిగెను, ధనము చేరెను. 1748లో 80,000 ఫోరింటులు చెల్లించి మరియా తెరెసా రాణి నుండి స్వతంత్ర నగర శాసనమును పొందిరి. అందు ఊరిపేరు లాటిను భాషలో ‘నియోప్లాంటా’. ప్రతి జాతియు దానిని తన భాషలో పిలుచుకొనవచ్చును. ‘నోవీ సాద్’ అనగా క్రొత్తగా నాటినది యని యర్థము. నాటినవారు వర్తకులైనను, నీరు పోసి పెంచినవారు బడిపంతుళ్లు.

1810లో సావా వుకోవిచ్ అను దాత యిచ్చిన 20,000 ఫోరింటులతో ఇచ్చట సెర్బుల ఉన్నత పాఠశాల వెలసినది. స్లోవాక్ జాతీయుడగు షఫారిక్ పండితుడు 1819 నుండి దానికి ప్రధానోపాధ్యాయుడుగా నుండెను. స్లావు భాషాసాహిత్యముల చరిత్రను అతడు రచించినది ఈ యూరనే. అదే బడిలో పాఠములు చెప్పుచుండిన గెయోర్గియే మగరాషెవిచ్ 1824లో ‘లేతోపిస్’ అను పత్రికను స్థాపించెను. సెర్బు పుస్తకములు అచ్చగుటకు బుడా నగరము పోవలసిన రోజులవి. చదువరులు కొద్దిమంది, ధనము చాలలేదు. పత్రికను నిలుపుటకే 1826లో పెస్టు నగరమున యోవాన్ హాజిచ్, కొందరు వర్తకులు కలిసి ‘మాతిత్సా స్రప్స్కా’ యను సంస్థను నెలకొల్పిరి. ‘మాతిత్సా’ యనగా తేనెపట్టులోని రాణియీగ!

ఆ కాలమున సెర్బులు వ్రాయదగిన భాష యేదియను తగవు తీరలేదు. పల్లెజనుల వాడుకనే గ్రంథభాషగా నిలుపవలెనని వూక్ కరాజిచ్ పట్టుబట్టెను. సంస్థ ప్రథమాధ్యక్షుడగు హాజిచ్ అతనికి ప్రబల విరోధి. కడకు వాడుకభాషయే గెలిచెను. 1967-1976 నడుమ ఆ సంస్థయే ఆ భాషకు ఆరు సంపుటముల నిఘంటువును ప్రకటించినది. ఓడినవారి యింటనే గెలిచిన భాషకు పీట వేయుట చరిత్రలో తరుచు జరుగదు.

1849 జూన్ 12న కోటలోని హంగరీ తిరుగుబాటు సేన ఊరిపై ఫిరంగులు ప్రేల్చెను. మూడింట రెండువంతుల యిండ్లు కూలినవి. ఆ బూడిదలోనే 1861లో సెర్బుల జాతీయ నాటకశాల పుట్టినది. 1864లో మాతిత్సా పెస్టు విడిచి ఇచ్చటికి తరలివచ్చినది. సెర్బుల ఏథెన్సు అను పేరు ఊరికి దక్కినది.

ఈ యూరి బిడ్డ యోవాన్ యోవానోవిచ్ జ్మాయ్ (1833-1904) కవి, వైద్యుడు. క్షయచే భార్య పోయినది, కన్నబిడ్డలును దక్కలేదు. రోగమును కుదుర్చు విద్య నేర్చియు తనవారిని నిలుపుకొనలేకపోయెను. అట్టివాడు 1880లో ‘నేవెన్’ అను పిల్లల పత్రికను స్థాపించి, పరుల బిడ్డలకై పాటలు వ్రాసెను. నాటి ఉన్నత పాఠశాల నేడు ఆయన పేరనే నడచుచున్నది.

1942 జనవరిలో హంగరీ ఆక్రమణ సేనలు ఈ నగరమున వేయిమందికి పైగా యూదులను, సెర్బులను చంపి, గడ్డకట్టిన డాన్యూబులో పడవైచినవి. బాల్యమున ఈ యూర నుండిన దానిలో కిష్ తండ్రి అప్పుడు బ్రతికి బయటపడెను గాని, తరువాత ఔష్విట్జ్‌కు కొనిపోబడి తిరిగి రాలేదు. కిష్ రచనలందు ఆ తండ్రి నీడ మరల మరల కనబడును.

1999లో నాటో విమానములు నగరపు వంతెనలను మూడింటిని కూల్చెను. వానిలో రైళ్లు నడచు జెజెల్ వంతెన తిరిగి లేచునప్పటికి 2018 వచ్చినది. 2022లో ఈ నగరము ఐరోపా సాంస్కృతిక రాజధానిగా గౌరవమొందెను. మగరాషెవిచ్ పత్రిక నిషేధములచే, యుద్ధములచే నడుమనడుమ ఆగినను, 2024లో రెండువందల యేండ్లు నింపుకొన్నది.