అటక మీది రేడియోకు మళ్లీ మాటలొస్తే!

జేబులో ఫోను ఉండగా ఎవరైనా అరవై, డెబ్భై ఏళ్ల నాటి వాల్వు సెట్టు ముందేసుకుని కూర్చుంటారా? కూర్చుంటారు. చెదలు దులిపి, తీగలు మార్చి, చేత్తో కొత్త సెట్లు కట్టి, గాలిలోంచి వచ్చే ఓ సన్నని గొంతు కోసం చెవులు రిక్కించి ఎదురుచూస్తారు. వాళ్లే హామ్‌లు!

అనంతసాగరం, ఆత్మకూరు, ఉదయగిరి... ఏ ఊళ్లోనైనా పాత మిద్దింటి అటక వెదికితే ఇత్తడి బిందెల వెనకాల ఓ చెక్కపెట్టె కనిపించొచ్చు. ముందు గుడ్డ తొడుగు, దాని పక్కన గాజు పలక, పలక మీద కొలంబో, దిల్లీ, లండన్ అంటూ ఊళ్ల పేర్లు. మర్ఫీయో, బుష్షో, ఫిలిప్సో అయ్యుంటుంది. పోస్టాఫీసులో ఏటా లైసెన్సు డబ్బులు కట్టి తాతగారు విన్న రేడియో అది. 1948 డిసెంబరులో విజయవాడ ఆకాశవాణి మొదలైనప్పటి నుంచి ఎన్ని వార్తలు, ఎన్ని నాటకాలు అందులోంచి వచ్చాయో!

అది వినడానికే పనికొస్తుంది. హామ్‌ల సెట్టు అయితే వింటుంది, మాట్లాడుతుంది కూడా. అయినా రెండింటికీ చుట్టరికం ఉంది. ఆ గాజు పలక మీద 41 మీటర్లు అని రాసి ఉన్న చోటు దగ్గరే 7 మెగాహెర్ట్జ్ దగ్గర హామ్‌ల బ్యాండు ఉంటుంది. ముల్లు అక్కడికి తిప్పితే ఒక్కోసారి బాతు అరిచినట్టు వింత శబ్దం వస్తుంది. నిజానికి అది మనిషి గొంతే. పంపేటప్పుడు ఆదా కోసం తరంగంలో సగాన్ని, దాన్ని మోసే అసలు తరంగాన్ని తీసేస్తారు కాబట్టి మామూలు రేడియోకు అర్థం కాదు. 455 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఓ చిన్న ఆసిలేటర్ని సెట్టుకు జోడిస్తే చాలు, ఆ బాతు కాస్తా తేటగా మాట్లాడుతుంది. పాత సెట్టు బాగుచేసే చాలామంది కుర్రాళ్లకు తొలి అద్భుతం ఇదే.

తొందరపడి ప్లగ్గు పెట్టొద్దు!

అటక దించగానే అందరూ చేసే పని ప్లగ్గు పెట్టి చూడటం. సెట్టు ప్రాణం తీసేదీ అదే. ఏళ్ల తరబడి కరెంటు ఎరగని ఎలక్ట్రొలిటిక్ కండెన్సర్లు లోపల ఎండిపోయి ఉంటాయి. ఒక్కసారిగా వోల్టేజి తగిలితే షార్టయి, ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా కాల్చేస్తాయి. మన ఎలక్ట్రీషియన్లందరికీ తెలిసిన సిరీస్ బల్బు చిట్కానే ఇక్కడా మందు. సెట్టుకు వరసలో 60 వాట్ల పాతరకం బల్బు కలుపుతారు. అది ధగధగా వెలిగితే లోపల షార్టున్నట్టు. ముందు వెలిగి, తర్వాత మసకబారితే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

ఇంకా ముందు చేయాల్సినవి వేరే ఉన్నాయి. ఎలుకలు కొరికిన తీగలు మార్చాలి. డయల్ ముల్లును లాగే దారం తెగి ఉంటే మళ్లీ చుట్టాలి. కప్పీల మీదుగా అది ఎటు నుంచి ఎటు వెళ్లాలో పట్టుకోవడానికి ఓ పూట పట్టినా ఆశ్చర్యం లేదు. మైనం పూసిన కాగితం కండెన్సర్లయితే చూడ్డానికి నిక్షేపంగా ఉంటాయి, లోపల మాత్రం లీకవుతుంటాయి. వాటిల్లో అన్నిటికన్నా అనుమానించాల్సింది చివరి వాల్వుకు శబ్దాన్ని చేరవేసేది. అది లీకైతే వాల్వు వేడెక్కి పోతుంది, వెంట అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌నూ తీసుకుపోతుంది. పది రూపాయల సరుకు కోసం ఎక్కడా దొరకని సరుకు పోతుందన్నమాట.

ఈ పని పిల్లలకు ఒంటరిగా అప్పగించేది కాదు. వాల్వు సెట్లో 250, 300 వోల్టులు నడుస్తుంటాయి. ప్లగ్గు తీసేశాక కూడా కండెన్సర్లలో ఆ కరెంటు దాక్కుని ఉంటుంది. కొన్ని చవక సెట్లలోనైతే ట్రాన్స్‌ఫార్మరే ఉండదు. మెయిన్స్ తీగ నేరుగా లోపలి ఇనుప చట్రానికే కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే చట్రం ముట్టుకున్నవాళ్లకు షాకే. అందుకే ఒక చెయ్యి జేబులో పెట్టుకుని పనిచెయ్యమని అనుభవజ్ఞులు చెబుతారు.

బాంబర్ నుంచి బల్ల మీదికి

మన దేశంలో హామ్‌ల కథ 1921లో మొదలైంది. కలకత్తాకు చెందిన అమరేంద్ర చంద్ర గుప్తు తొలి లైసెన్సు పొందారు. 1939లో యుద్ధం వచ్చేసరికి బ్రిటిష్ ప్రభుత్వం లైసెన్సులు రద్దుచేసి సెట్లు అప్పగించమంది. అందరూ అప్పగించలేదు. 1942 క్విట్ ఇండియా రోజుల్లో బొంబాయిలో ఉషా మెహతా బృందం నడిపిన రహస్య కాంగ్రెస్ రేడియోకు ట్రాన్స్‌మిటర్ సమకూర్చిన నారిమన్ ప్రింటర్ హామే.

యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న సెట్లు పాత సామాన్ల బజార్లకు చేరాయి. అమెరికా బాంబర్ విమానాల్లో వాడిన బీసీ-348 రిసీవర్ అలా వచ్చిందే. విమానంలోని 28 వోల్టుల కరెంటుతో తిరిగే చిన్న మోటారు జనరేటరు దానికి ఆధారం. మన హామ్‌లు దాన్ని పీకేసి, ఆ జాగాలో ట్రాన్స్‌ఫార్మర్ బిగించేవారు. ఇప్పుడు అదే సెట్టు దొరికినవాళ్లకు పెద్ద చిక్కు. విమానంలో ఉన్నట్టే పూర్వరూపానికి తేవాలా, లేక మన పెద్దలు చేసిన మార్పులను ఉన్నవున్నట్టు ఉంచాలా? రెండోదే సబబనిపిస్తుంది. ఆ వంకర టంకర రంధ్రాలు, చేత్తో వేసిన టంకాలు... అవీ చరిత్రే కదా!

కుళాయి వాషరుతో సెట్టు

దశాబ్దాల పాటు దిగుమతి సుంకాల భారం వల్ల విదేశీ సెట్టు మధ్యతరగతికి అందని ద్రాక్షే. దాంతో సొంతంగా కట్టుకోవడం మనవాళ్లకు సరదా కాదు, అవసరం. ఆ అవసరంలోంచే హైదరాబాద్ నుంచి ఓ సెట్టు ప్రపంచమంతా తిరిగింది. పేరు బిట్‌ఎక్స్. 2000ల తొలినాళ్లలో అష్హర్ ఫర్హాన్ దీన్ని రూపొందించారు. హామ్‌ల లోకంలో ఆయన పిలుపు వీయూ2ఈఎస్ఈ. టీవీ మెకానిక్ దగ్గర దొరికే సామానుతోనే పూర్తిచేయాలన్నది ఆయన పట్టుదల. మామూలు ట్రాన్సిస్టర్లు, కంప్యూటర్లలో వాడే 10 మెగాహెర్ట్జ్ క్రిస్టళ్లు, టీవీ యాంటెన్నాకు తగిలించే బాలన్... తీగచుట్టకు నట్టు దొరక్కపోతే కుళాయి వాషరు! శక్తి ఆరు వాట్లే. అదే సెట్టు ఖండాలు దాటి పలికింది. డిజైన్‌ను ఆయన అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. 2016లో బిట్‌ఎక్స్40 బిగించిన బోర్డుగా వచ్చింది. హైదరాబాద్‌లో మహిళల బృందం దాన్ని చేతులతో తయారుచేసేది.

వెలిగొండల అవతలికి...

ఇంత శ్రమ ఎందుకంటారా? 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు స్తంభాలు కూలి, తీగలు తెగి, ఆ ఘోరం బయటి ప్రపంచానికి తెలియడానికే సమయం పట్టింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు సెల్‌టవర్లు మూగబోయాయి. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వెళ్లింది. అరుదైన దీవుల నుంచి ప్రపంచంతో మాట్లాడాలన్నది సరదా యాత్ర. 26వ తేదీ ఉదయం సునామీ వచ్చింది. సరదా పక్కన పెట్టి, ఆ సెట్ల మీదే బాధితుల కబుర్లు ప్రధాన భూభాగానికి చేరవేశారు.

అనంతసాగరం మండలంలోనే సోమశిల జలాశయం ఉంది. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఆ నీళ్లన్నీ పెన్నలో కలిసి ఇటే వచ్చాయి. పడమట వెలిగొండలు. పోలీసు వాకీటాకీల్లాంటి సెట్ల తరంగాలకు కొండ అడ్డం. 7 మెగాహెర్ట్జ్ తరంగం మాత్రం పైకెళ్లి, అయనోస్ఫియర్‌ను తాకి, కొండ అవతల దిగుతుంది. పగటిపూట చెన్నై, హైదరాబాద్ చేరడానికి రెండు కొబ్బరిచెట్ల మధ్య ఇరవై మీటర్ల రాగి తీగ చాలు. మధ్యలో తెంపి, చెరో పది మీటర్లు చేసి, అక్కడి నుంచి కేబుల్ దించుకోవడమే. అయితే తుఫానులో కరెంటు పోతే వాల్వు సెట్టు కేవలం బరువైన చెక్కపెట్టె. అప్పుడు ఆదుకునేది 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే బిట్‌ఎక్స్‌లాంటివే. కానీ దాన్ని కట్టే చేతులకు చదువు చెప్పేది ఆ పాత పెట్టే.

నెల్లూరు జిల్లావాసులకు మరో బంధమూ ఉంది. హామ్‌ల కోసం ఇస్రో తయారుచేసిన 42.5 కిలోల హామ్‌శాట్ ఉపగ్రహం అప్పట్లో ఈ జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచే 2005 మే 5న ఎగిరింది. 2014 జులై దాకా పనిచేసింది. అందులోని రెండు ట్రాన్స్‌పాండర్లలో ఒకటి నెదర్లాండ్స్ విద్యార్థి కట్టినది.

వినడం నేర్చుకోవడం వేరు, గొంతు విప్పడం వేరు. మాట్లాడాలంటే కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి. ఎలక్ట్రానిక్స్, రేడియో నిబంధనల మీద ప్రశ్నలుంటాయి.

ఇక అటక మీది సెట్టు ఎంతకీ లేవకపోతే? పాత సామాన్లవాడికి ఇచ్చే ముందు హామ్‌లు ఒక్కటి మాత్రం విప్పి దాచుకుంటారు. రేకులు రేకులుగా తిరిగే గ్యాంగ్ కండెన్సర్. కొత్తది కొందామంటే ఇప్పుడు దొరకడం గగనం.