ఎండ ఒకటే, కప్పులు వేరు: బచేలిలో ఎలాంటి ఇల్లు కట్టాలి?

బచేలి (ఛత్తీస్‌గఢ్): దంతెవాడ జిల్లాలోని ఈ గనుల పట్టణంలో మే నెల మధ్యలో మిట్టమధ్యాహ్నం నిలబడిన మనిషి నీడ అతని పాదాల కిందే ఉంటుంది. సుమారు 18.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్న బచేలికి ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. దక్షిణపు గోడపై ఎండ దాదాపు పడదు. తూర్పు గోడకు ఉదయం, పడమటి గోడకు సాయంత్రం ఎండ తగులుతుంది. రోజంతా ఎండను మోసేది పైకప్పు ఒక్కటే. వేసవిలో ఇల్లు భరించదగినదా, కాదా అన్నది ప్రధానంగా ఆ కప్పే నిర్ణయిస్తుంది.

బైలదిల్లా కొండల పాదంలోని బచేలి తెలుగువారికి కొత్త ఊరు కాదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఎన్ఎండీసీ ఇక్కడ ఇనుప ఖనిజం తవ్వుతోంది. కొత్తవలస–కిరండోల్ రైలు మార్గం ఈ ప్రాంతాన్ని విశాఖపట్నంతో కలిపింది. ఉద్యోగాల కోసం, వ్యాపారం కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. ఇక్కడి ఖనిజం విశాఖ ఉక్కు కర్మాగారానికి వెళ్తుంది. ఉక్కు చువ్వలై తిరిగివచ్చి ఇక్కడి ఇళ్ల స్లాబుల్లో చేరినా ఆశ్చర్యం లేదు.

ఆ స్లాబుతోనే చిక్కు. ఐదారు అంగుళాల కాంక్రీటు కప్పు ఎండను పీల్చుకుని, నాలుగైదు గంటల ఆలస్యంతో గదిలోకి వదులుతుంది. మధ్యాహ్నపు వేడి సాయంత్రానికి లోపలికి దిగుతుంది. మనుషులు పడుకునే వేళకు కూడా కప్పు చల్లారదు. రేకుల ఇల్లు పగటిపూట ఇంకా దుర్భరం. అయితే రేకు వేడిని దాచుకోదు కనుక రాత్రి త్వరగా చల్లబడుతుంది. ఆ ఒక్క విషయంలో అది స్లాబు కన్నా నయం.

పొడి వేడిని తట్టుకునే ఇంటికి తెలుగునాట మంచి ఉదాహరణ అనంతపురం, కర్నూలు ప్రాంతాల మట్టి మిద్దె. ఒకటిన్నర, రెండడుగుల మందంతో రాతి గోడలు. వాటిపై దూలాలు, దంతెలు, వాటి మీద బండలో కంపో పరచి, మందంగా మట్టి వేసి, పైన చౌడు మన్ను తొక్కుతారు. చౌడులోని క్షార గుణం వల్ల తడి తగలగానే దాని రేణువులు విడిపోయి మట్టిలోని సందులను పూడ్చేస్తాయి. అందుకే చినుకులకు నీరు లోపలికి దిగదు. వానలకు ముందు ఏటా కొత్త చౌడు వేయాలి. అడుగున్నర మందం మట్టిగోడను వేడి దాటడానికి దాదాపు 12 గంటలు పడుతుంది. అంటే మధ్యాహ్నపు ఎండ లోపలికి చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అప్పటికి బయటి గాలి చల్లబడి ఉంటుంది కాబట్టి తలుపులు, కప్పులోని గవాచి తెరిస్తే ఆ వేడి వెళ్లిపోతుంది. పగలు మూసి, రాత్రి తెరవడం ఈ ఇంటి సూత్రం.

ఆ మిద్దెను యథాతథంగా బచేలికి తెచ్చి కడితే మాత్రం అది నిలవదు. అనంతపురంలో ఏటా కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం. దక్షిణ బస్తర్‌లో దానికి రెండింతలకు పైగా కురుస్తుంది, అదీ ఎక్కువగా జూన్–సెప్టెంబరు మధ్యనే. రోజుల తరబడి ముసురు పడితే రాయలసీమలోనే మిద్దెలు కూలుతుంటాయి.

బస్తర్ పల్లెల్లోని పాత ఇళ్లు దీనికి వేరే సమాధానం కనిపెట్టాయి. గోడ అదే మట్టి, లేదా వెదురు తడికపై మెత్తిన మట్టి. కప్పు మాత్రం ఏటవాలు. దానిపై కుమ్మరి పెంకులు, గోడలను దాటి బాగా ముందుకు దిగిన చూరు, దాని కింద వసారా. పెంకుల సందుల్లోంచి వేడి గాలి బయటికి పోతుంది. చూరు వేసవిలో గోడకు నీడ, వానాకాలంలో గొడుగు. తడవని మట్టిగోడ తరాలపాటు నిలుస్తుంది. తడిస్తే ఒక్క వానాకాలం చాలు.

ఇక్కడి వాతావరణం ఏడాదిలో రెండు విరుద్ధమైన కోరికలు కోరుతుంది. ఏప్రిల్, మే నెలల పొడి వేడికి మందపు గోడలు, మూసిన గది కావాలి. జూలై ఉక్కకు గాలి ధారాళంగా వీచే చోటు కావాలి. కూలర్ వాడేవారికి ఈ తేడా అనుభవమే: మేలో గదిని చల్లబరిచిన యంత్రం జూలైలో తేమను మాత్రమే పెంచుతుంది, ఎందుకంటే అప్పటికే తేమతో నిండిన గాలిలో నీరు ఆవిరి కాదు. లోపలి గది, బయటి వసారా రెండూ ఉన్న ఇల్లు రెండు కాలాలకూ సరిపోతుంది. స్థలం ఆదా కోసం వసారా తీసేసిన ఇల్లు సగం ఏడాదికే పనికొస్తుంది.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ ఇంటి కనీస విస్తీర్ణం 25 చదరపు మీటర్లు. మైదాన ప్రాంతాలకు సాయం 1.20 లక్షల రూపాయలు; కొండ ప్రాంతాలకు, తీవ్రవాద ప్రభావిత జిల్లాలకు 1.30 లక్షలు. ఈ పథకం స్లాబే వేయాలని పట్టుబట్టదు. ప్రాంతాలవారీ ఇళ్ల నమూనాలతో ‘పహల్’ అనే సంకలనం కూడా వెలువడింది. అయినా పక్కా ఇల్లంటే స్లాబే అన్న భావన బలంగా ఉంది. నివాస భవనాల ఇంధన పొదుపు నియమావళి ‘ఎకో నివాస్ సంహిత’ 2018 ప్రకారం కప్పు గుండా వేడి ప్రసరణ రేటు చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 1.2 వాట్లు దాటరాదు. ఏ రక్షణా లేని స్లాబులో అది రెండింతలకు పైగా ఉంటుంది. అయితే ఈ నియమావళి 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాల్లోని భవనాలకే వర్తిస్తుంది. ఒంటిగది ఇల్లు దాని కంటికి ఆనదు.

కొత్తగా కట్టేవారికి దారులు ఉన్నాయి. మట్టిలో 5 నుంచి 10 శాతం సిమెంటు కలిపి, యంత్రంతో అదిమి, కాల్చకుండా వాడే ఇటుకలు ఒకటి. కేరళలో లారీ బేకర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ బాండ్ మరొకటి: ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే ఈ పద్ధతిలో సుమారు నాలుగో వంతు ఇటుకలు ఆదా అవుతాయి, లోపలి గాలి వేడిని అడ్డుకుంటుంది. కిటికీలు ఉత్తర, దక్షిణాలకు పెట్టి పడమటి గోడను మూసివేయడానికి అదనపు ఖర్చేమీ ఉండదు.

ఇప్పటికే స్లాబు వేసుకున్నవారు దానిపై కాస్త ఎత్తులో వెదురు తడికతోనో పెంకులతోనో రెండో కప్పు వేసి, మధ్యలో గాలి ఆడనిస్తే మేలు. అంత స్తోమత లేకపోతే తెల్ల సున్నం. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం కూడా ఇలా ఎండను తిప్పికొట్టే కప్పులనే ప్రోత్సహిస్తోంది. గనుల పట్టణంలో దీనికో జాగ్రత్త అవసరం. ఎర్రటి ఖనిజ ధూళి పేరుకుంటే తెలుపు మాసి, ఎండను తిప్పికొట్టే శక్తి తగ్గుతుంది. ఏటా మార్చిలో కప్పు కడిగి, మళ్లీ సున్నం వేయాలి.