1098కి ఫోన్ చేస్తే పిల్లల్ని తీసుకెళ్లిపోతారా?

పిల్లల్లో ఎక్కువగా కనిపించే బ్లడ్ క్యాన్సర్‌కి చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. గోదావరిఖనిలో సింగరేణి పర్మినెంట్ కార్మికుడి పిల్లలకైతే కంపెనీ ఆస్పత్రి ఉంది, అక్కణ్ణుంచి హైదరాబాద్‌కి రిఫరల్ ఉంది. కాంట్రాక్టు కార్మికుడి ఇంట్లో లెక్క వేరు. ఆరోగ్యశ్రీ ఇప్పుడు 10 లక్షల వరకు వర్తిస్తుంది. కానీ హైదరాబాద్ వెళ్లిన ప్రతిసారీ మస్టర్ పోతుంది, ఆ డబ్బు ఎవరిస్తారు? అలా ఒక డేట్ తప్పుతుంది, తర్వాత ఇంకొకటి.

అప్పుడు ఆస్పత్రివాళ్లో పక్కింటివాళ్లో 1098కి ఫోన్ చేస్తే? "పిల్లని హోంలో వేస్తారు, మన మీద కేసు పెడతారు" అని చాలామందికి భయం. మరి చట్టం ఏం చెప్తుంది?

2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఇలాంటి విషయాలు బాలల సంక్షేమ కమిటీ చూస్తుంది. ఇందులో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. గోదావరిఖని, రామగుండం పెద్దపల్లి జిల్లా కమిటీ కిందికి వస్తాయి. నయంకాని జబ్బు ఉండి చూసుకునేవాళ్లు లేకపోయినా, తల్లిదండ్రులు చూసుకునే స్థితిలో లేరని తేలినా, ఆ పిల్లలకి రక్షణ అవసరమని చట్టం అంటుంది. సోషల్ వర్కర్ విచారణ 15 రోజుల్లో పూర్తవ్వాలి. నాలుగు నెలల్లోపు తుది నిర్ణయం రావాలి. హోంకి పంపడం అన్నిటికంటే చివరి దారి.

ఎంక్వైరీలో తేల్చాల్సిన అసలు విషయం ఒకటే: వీళ్లు వైద్యం చేయించనివాళ్లా, చేయించలేనివాళ్లా? ఆడపిల్లకి అంత ఖర్చెందుకని ఆపేసేవాళ్లు, మంత్రాలతో సరిపెట్టేవాళ్లు కూడా ఉంటారు. ఆ పిల్లల తరఫున ఎవరో ఒకరు అడగాల్సిందే. కానీ బయటినుంచి చూస్తే రెండు ఇళ్లూ ఒకేలా కనిపిస్తాయి.

2016లో చిత్తూరు జిల్లాలో ఒక జంట, కాలేయ జబ్బుతో ఉన్న తమ నెలల పాపకి కారుణ్య మరణం ఇప్పించమని తంబళ్లపల్లె కోర్టుకెళ్లారు. అర్జీ ఒక్కటే చదివితే వీళ్లేం తల్లిదండ్రులు అనిపిస్తుంది. వార్త బయటికొచ్చాక ప్రభుత్వం ఖర్చు భరించింది, పాపకి కాలేయ మార్పిడి జరిగింది. వాళ్ల దగ్గర లేనిది డబ్బే.

అందుకే కమిటీ చేతిలో సాయం చేసే దారులూ ఉన్నాయి. మిషన్ వాత్సల్య కింద అర్హులైన పిల్లలకి, ఇంట్లోనే ఉంచి పెంచుకోవడానికి, నెలకి 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. హైదరాబాద్ బస్సు ఛార్జీలకి అది చిన్న మొత్తం కాదు.

మీకు తెలిసిన ఇంట్లో ఇలా జరిగితే ఫోన్ చేయండి. "వాళ్లు పట్టించుకోవట్లేదు" అని ఒక్క మాట చెప్పి పెట్టేయొద్దు. ఏ చికిత్స, ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, మీకు తెలిసినంత చెప్పండి. ఎంక్వైరీ మొదలయ్యేది ఆ మాటలతోనే.