కలుపు తీసే చేతికి అనువైన పిడి

సుమారు 550 మిల్లీమీటర్ల సగటు వార్షిక వర్షపాతం గల అనంతపురం పీఠభూమిలో వర్షాధార వేరుశనగ ప్రధాన పంట. విత్తిన 45 రోజులలోపు కలుపు తీయడం పూర్తి కావాలి. ఆ తరువాత నేలను కదిలిస్తే ఊడలు దెబ్బతింటాయి. ఎర్రనేల తడి ఆరగానే గట్టిపడుతుంది కనుక పనికి అనువైన రోజులు కొద్దివే. ఆ రోజులలో అరచేతులు బొబ్బలెక్కితే కలుపు చేనిలోనే మిగిలిపోతుంది. అందువల్ల కొడవలి, కలుపు పార వంటి పనిముట్ల పిడి కూడా విస్తరణ శాస్త్రవేత్తల పరిశీలనకు అర్హమైనదే.

బలంగా పట్టి చేసే పనులకు పిడి వ్యాసం సుమారు 30 నుండి 50 మిల్లీమీటర్లు, పొడవు కనీసం 100 మిల్లీమీటర్లు ఉండాలని వృత్తి ఆరోగ్య మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. పొట్టి పిడి కొన అరచేతి మధ్య ఒత్తుకొని నరాలను, రక్తనాళాలను నొక్కుతుంది. కలుపు తీసేవారిలో అధికులు మహిళలు కనుక ఈ పరిమితిలో సన్నని పిడులను ముందుగా పరీక్షించాలి. భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ 2009లో ప్రచురించిన వ్యవసాయ శ్రామికుల శరీర కొలతల సంకలనం ఇందుకు ఆధారం కాగలదు.

వేళ్లకు సరిపడా గాడులు తీసిన పిడి ఒక్కరే వాడే పనిముట్టుకు తగవచ్చు. అత్తాకోడళ్లిద్దరూ ఒకే కొడవలిని వాడే ఇంట మాత్రం ఆ గాడుల అంచులు రెండవవారి వేళ్లను ఒత్తుతాయి. అటువంటి చోట గాడులు లేని, కోలగా ఉండే పిడి మేలు. అది చేతిలో తిరిగిపోదు కూడా.

పిడిని మలచే ముందు దానిపై తడి బంకమట్టిని సమానంగా పట్టించి, పనిచేసేవారి చేతనే పనిలో వలె పట్టించాలి. మట్టి మరీ పలుచబడిన చోట ఒత్తిడి అధికమని గ్రహించి, అక్కడ కర్రను ఆకురాయితో తగ్గించాలి. బాగా ఆరిన తుమ్మ కర్రనే ఎంచుకోవాలి. పచ్చికర్ర ఎండలో కుదించుకొనిపోతే పొన్ను వదులవుతుంది.

గరుకు కాగితంతో రుద్దిన పిడిని తడిపి ఆరబెడితే నార లేస్తుంది. దానిని సన్నని కాగితంతో మరల రుద్దాలి. అద్దంలా మెరిసే వార్నిష్ చెమటకు జారుతుంది. ఆముదం, వేరుశనగ నూనె గట్టిపడక దుమ్మును పట్టుకుంటాయి. గాలికి గట్టిపడే అవిసె నూనెను పలుచగా రెండు మూడు పూతలు పూయాలి. ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి ఉంచితే వాటంతట అవే అంటుకొనే ప్రమాదం ఉంది కనుక విడదీసి ఆరవేయాలి.

క్షేత్ర ప్రదర్శనలలో రెండు మూడు మందాల పిడులను పూట పూటకు మార్చి ఇచ్చి, తీసిన కలుపు విస్తీర్ణాన్ని, అరచేతిలో ఎర్రబడిన చోట్లను నమోదు చేయడం విద్యార్థులకు సాధ్యమైన పని. ఈ పరీక్ష విత్తుటకు ముందే ముగిస్తే, ఫలితం అదే ఖరీఫ్‌లో ఉపయోగపడుతుంది.