పొలంలో సెన్సార్ల ఏకాభిప్రాయం: కుదిరిన అంకె అంతా నిజమేనా?

నేలలోని తేమను కొలిచే సెన్సార్లను పొలమంతటా అమర్చి, వాటి కొలతలను బట్టి మోటారును నడిపే పద్ధతిలో ఒక చిక్కు ఉన్నది. కొలతలన్నీ ఒకే కేంద్ర కంప్యూటరుకు చేరితే సగటు కట్టడం సులభం. కాని ఆ కేంద్రం పాడైతే మొత్తం వ్యవస్థ నిలిచిపోతుంది. కేంద్రం అవసరం లేకుండా, ప్రతి పరికరం తన పొరుగు పరికరాలతో మాత్రమే సమాచారం పంచుకొంటూ, చివరకు అన్నీ ఒకే విలువకు చేరుకొనే విధానమే ఏకాభిప్రాయ అల్గారిథమ్. ఒక బృందం ఉమ్మడి అభిప్రాయానికి వచ్చే తీరుకు 1974లో మోరిస్ డిగ్రూట్ గణిత రూపమిచ్చారు. స్వయంచాలక పరికరాల సమూహాలకు సంబంధించిన సిద్ధాంతాన్ని 2004లో ఓల్ఫాతీ-సాబెర్, ముర్రే విస్తృతంగా వివరించారు.

పనిచేసే తీరు

ఉదాహరణకు, ఒకే వరుసలోని నాలుగు సెన్సార్ల కొలతలు 18, 22, 26, 30 శాతం అనుకొందాం. ప్రతి విడతలో ఒక్కొక్కటి తన విలువకూ పక్కదాని విలువకూ గల తేడాలో నాలుగో వంతు మేరకు అటువైపు జరుగుతుంది. మొదటి విడతకు అవి 19, 22, 26, 29 అవుతాయి. రెండవ విడతకు 19.75, 22.25, 25.75, 28.25. మొత్తం ఎప్పుడూ 96 గానే ఉంటుంది. కనుక నాలుగూ క్రమంగా అసలు సగటైన 24ను సమీపిస్తాయి.

ఒక్కటి మొండికేస్తే

నాలుగవ సెన్సారు మట్టితో స్పర్శ తప్పి 30కి బదులు 6 చూపినదనుకొందాం. తరువాత అది కూడా పొరుగు విలువలను బట్టి మారుతూ ఉంటే సగటు 18 వద్ద ఆగుతుంది; నష్టం పరిమితం. అట్లా కాక, ప్రతి విడతలోనూ అదే 6ను పంపుతూ తాను మారకపోతే, మిగిలిన మూడూ క్రమంగా 6కే చేరుతాయి. మొండివాడు రాజు కన్నా బలవంతుడన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. తడిగా ఉన్న పొలాన్ని నాలుగు సెన్సార్లూ ఏకగ్రీవంగా ఎండిపోయినదని ప్రకటిస్తాయి. మోటారు ఆగదు, వేళ్లకు గాలి అందదు.

నివారణ, దాని పరిమితి

ప్రతి పరికరం తన విలువకంటే మిక్కిలి ఎక్కువగా ఉన్న ఒక పొరుగు విలువను, మిక్కిలి తక్కువగా ఉన్న మరొకదానిని విడిచిపెట్టి మిగిలినవాటినే లెక్కించడం ఒక నివారణ. 2013లో లెబ్లాంక్, సహచరులు ఈ తరహా పద్ధతికి అవసరమైన అనుసంధాన నియమాలను నిరూపించారు. అయితే 18, 22, 26, 30 కొలతలున్న మన నాలుగు సెన్సార్ల వరుసలో ఈ నియమం పాటిస్తే పరిగణించడానికి పొరుగు విలువే మిగలదు. ఎవరి అంకె వారిదే. తప్పును తట్టుకోవాలంటే అనుసంధానాలు దట్టంగా ఉండాలి. అందుకు ఖర్చు, విద్యుత్తు పెరుగుతాయి.

కాబట్టి ఇటువంటి వ్యవస్థను రైతుకు సిఫారసు చేసే ముందు విస్తరణ శాస్త్రవేత్త అడగవలసినది అన్ని సెన్సార్లూ ఒకే అంకె చూపుతున్నవా అని కాదు; ఒక్కటి తప్పితే మిగిలినవి దానిని గుర్తించగలవా అని. సెన్సార్లు ఏకమైన రోజున కూడా వేరు లోతులోని మట్టిని పిడికిట పట్టి చూడడం మానరాదు.