తేలినీలాపురంలో పక్షులను ఫోటో తీయబోయి

శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని తేలినీలాపురానికి ఒక డిసెంబరు సెలవుల్లో కుటుంబ సమేతంగా వెళ్లాము. అక్కడ ఊరి చెట్ల మీద ప్రతి చలికాలం పెలికాన్లు, అంటే గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి ఓపెన్‌బిల్ కొంగలు ఇంకా ముందే, వానల కాలంలోనే దిగుతాయి.

టిఫిన్లు ముగించి చేరేసరికి పదకొండు దాటింది. అదే మొదటి పొరపాటు. పక్షి వెనుక ఆకాశం మెరిసిపోతుంటే కెమెరా ఆ వెలుగునే లెక్క తీసుకుంటుంది గనుక పక్షి నల్లటి ముద్దగా వచ్చింది. ఎండ నడినెత్తిన ఉండడంతో కన్ను కూడా కనబడలేదు. మర్నాడు తెల్లవారగానే సూర్యుణ్ణి వీపు వెనుక ఉంచుకొని నిలబడ్డాము. అదే చెట్టు, అదే కొంగ. తోక దగ్గరి గులాబి రంగు ఈకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు!

ముక్కు చూసే వైపు కాస్త ఖాళీ వదిలితే పక్షి గోడకు కొట్టుకున్నట్లు ఉండదు. ఎగిరే పెలికాన్ రెక్కలు చాచితే రెండు మీటర్లు దాటుతుంది. కనుక చట్రం వదులుగా పెట్టాలి. లేకుంటే రెక్క కొస తెగిపోతుంది. మాకు చాలాసార్లు తెగింది.

ఇంకా దగ్గర కావాలనే ఆశతో చెట్టు కిందకే వెళ్లాము. తల్లి లేచిపోయింది. గూటిలో ఈకలు రాని పిల్లలు ఎండలో మిగిలాయి. ఆ పెరటి పెద్దావిడ, "ఎనక్కి రండి బాబూ, పిల్లలు మాడిపోతాయి" అని కేక వేసింది. సిగ్గుపడి వెనక్కి వచ్చాము. చాలాసేపటికి గాని తల్లి తిరిగి రెక్కల నీడ పట్టలేదు.

దూరం నుండి తీసి, ఇంటికి వచ్చాక అంచులు కత్తిరించుకోవచ్చు. 24 మెగాపిక్సెల్ బొమ్మలో నాలుగో వంతే ఉంచుకున్నా 6 మిగులుతుంది. ఆల్బమ్‌కు అది చాలు.

అలాగే పెంకుల కప్పు, దండెం మీది బట్టలు అన్నీ కోసేసి పక్షిని ఒంటరిగా ఉంచాము. మా అమ్మాయి చూసి, "ఇది ఏ ఊరి పక్షి నాన్నా?" అంది. జవాబు లేదు. ఇళ్ల మధ్యనే నమ్మకంగా గూడు కట్టడం కదా అక్కడి వింత! 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ జిల్లాలో లెక్కలేనన్ని చెట్లను కూల్చింది. గూడున్న చెట్టు బొమ్మలో ఉండడమే మేలనిపించింది. మళ్లీ కత్తిరించి, ఈసారి కప్పునూ దండేన్నీ ఉంచాము.

మరుసటి ఏడు ఆ బొమ్మను పెద్దావిడ చేతికిచ్చాము. పక్షి వైపు చూడనేలేదు. దండెం మీద వేలు పెట్టి, "ఇది నా కోకే" అని నవ్వింది.